పిల్లల కథలూ ఓ కొలువే!

కాటారంలో డిగ్రీ చదివేవాళ్లను ‘తర్వాత ఏంది?’ అని అడిగితే గ్రూప్స్, పోలీసు, బీఈడీ, సింగరేణి అంటారు. పిల్లలకు కథలు రాయడం, బొమ్మలు వేయడం, ఆన్‌లైన్‌లో వాళ్లు భయం లేకుండా మసిలేలా చూడటం కూడా జీతం వచ్చే పనులే.

తెలుగువాళ్లకు ఇది కొత్త కాదు. రేడియో అన్నయ్య న్యాయపతి రాఘవరావు, అక్కయ్య కామేశ్వరి 1945లో ‘బాల’ పత్రిక తెచ్చారు. బాలానంద సంఘంతో పిల్లలను ఒక్కచోట చేర్చి ఆడించారు, పాడించారు. 1947 జూలైలో ‘చందమామ’ మొదలైంది. కథ చెప్పేవారే పిల్లలను కనిపెట్టుకుని ఉండటం అప్పుడే ఉంది.

రాసేవారికి

ప్రథమ్ బుక్స్ 2015లో ప్రారంభించిన ఆన్‌లైన్ కథల వేదిక స్టోరీవీవర్‌లో కథలకు స్థాయులున్నాయి. మొదటి స్థాయి కథ 250 పదాల లోపు, రెండోది 600, మూడోది 1500 లోపు ఉండాలి. మేడారం జాతరలో తప్పిపోయిన పాప గురించి ‘జనసందోహంలో చిన్నారి ఆందోళనకు గురైంది’ అని రాస్తే రెండో తరగతి పిల్లలు పేజీ తిప్పేస్తారు. ‘అమ్మ చెయ్యి జారింది. చుట్టూ కాళ్లే కాళ్లు!’ అంటే ఆగి చదువుతారు. కోయ భాష కూడా వచ్చినవారు తెలుగు, కోయ రెండు భాషల్లోనూ పుస్తకాలు చేయగలరు.

కాపు కాసేవారికి

2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం 18 ఏళ్లలోపు వారంతా పిల్లలే. వారి వివరాలు వాడుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి కావాలి. వారిని వెంటాడే ప్రకటనలు కుదరవు. తప్పితే జరిమానా రూ.200 కోట్ల దాకా ఉంటుంది. అందుకే మోడరేటర్, ట్రస్ట్ అండ్ సేఫ్టీ అనలిస్ట్ వంటి ఉద్యోగాలకు విలువ ఉంది. ఓ పిల్లాడు కథ కింద తన బడి పేరు, ఇంటి ఫోన్ నంబరు రాశాడనుకోండి. వెంటనే దాన్ని తీసేసి, ఎందుకు తీశారో వాడిని నొప్పించకుండా చెప్పడం మోడరేటర్ పని. ఎవరైనా పెద్దవాళ్లు ఆ పిల్లాడితో విడిగా మాట కలపాలని చూస్తే పైవారికి తెలపాలి. చూడలేని దృశ్యాలూ ఎదురవుతాయి. కాబట్టి షిఫ్టులు ఎలా ఉంటాయి, కౌన్సెలింగ్ ఇస్తారా అన్నది ఇంటర్వ్యూలోనే అడగండి.

ఏం చదవాలి?

ఏ డిగ్రీ అయినా పునాదే. సైకాలజీ, సోషల్ వర్క్, డీఎడ్ చదివినవారికి కొంత మొగ్గు ఉంటుంది. బొమ్మలు వేసేవారు హైదరాబాద్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ (జేఎన్‌ఏఎఫ్‌ఏయూ)లో బీఎఫ్‌ఏ చేయవచ్చు. మంచి తెలుగు, పనికి సరిపడా ఇంగ్లిష్ తప్పనిసరి.

రాబడి మాటేంటి?

మొదట్లో రాతతోనే ఇల్లు గడవదు. సిరిసిల్లకు చెందిన పత్తిపాక మోహన్ నేషనల్ బుక్ ట్రస్ట్‌లో సంపాదకుడిగా పనిచేస్తూనే పిల్లల కోసం రాశారు. 2022లో కేంద్ర సాహిత్య అకాడెమీ బాల సాహిత్య పురస్కారం అందుకున్నారు. మీరూ అనువాదం, ఎడిటింగ్, బోధన వంటి పనిని పక్కన పెట్టుకోండి. ఒప్పందంపై సంతకం పెట్టే ముందు ఒకేసారి డబ్బిస్తారా, రాయల్టీ ఇస్తారా, హక్కులు ఎవరివో చదవండి.

ఈ నెలలోనే మొదలుపెట్టండి

మీరు రాసిన కథను ఊళ్లోని ప్రాథమిక పాఠశాలలో, టీచర్ అనుమతితో చదివి వినిపించండి. పిల్లలు ఎక్కడ దిక్కులు చూశారో అక్కడ తిరగరాయండి. అలా కుదిరిన కథలను ఫైల్‌గా పెట్టుకుంటే అదే మీ పోర్ట్‌ఫోలియో. పిల్లల ఫొటోలు, పేర్లు మాత్రం తల్లిదండ్రులను అడగకుండా ఎక్కడా పెట్టొద్దు. ఆ జాగ్రత్త లేనివారికి ఎంత ప్రతిభ ఉన్నా ఈ రంగంలో చోటు ఇవ్వకూడదు.