అంబాసిడర్‌కి ఇంజెక్షన్: కుర్ర మెకానిక్కులకు నా మాటలు

పాత అంబాసిడర్‌లో ఉండే 1489 సీసీ ఇంజిన్ బ్రిటన్ బీఎంసీ వాళ్ల బీ-సిరీస్. దాని కార్బొరేటర్ తీసేసి, మనమే ప్రోగ్రామ్ రాసుకునే ఇంజిన్ కంప్యూటర్ (ఈసీయూ)తో ఇంజెక్షన్ పెట్టే పని నాకు ప్రాణం. అందుకే ఇంత పట్టుబట్టి చెబుతున్నాను.

1. ముందు ఇంజిన్ చూడండి. నాలుగు సిలిండర్ల కంప్రెషన్ దగ్గరదగ్గరగా ఉండాలి. మానిఫోల్డ్ గాస్కెట్ దగ్గర గాలి పీల్చకూడదు. అరిగిన రింగుల్ని ఏ కంప్యూటరూ బాగుచెయ్యదు.

2. హెడ్ విప్పి చూశాకే సామాన్లు కొనండి. నాలుగు సిలిండర్లకూ గాలి లోపలికెళ్లే దారులు రెండే: 1, 2 కలిపి ఒకటి, 3, 4 కలిపి ఇంకొకటి. ఫైరింగ్ ఆర్డర్ 1-3-4-2. అంటే 2 పీల్చీ పీల్చగానే అదే దారిలోంచి 1 పీలుస్తుంది. 3 వెనకే 4 పీలుస్తుంది. ఆ దారిలో ఇంజెక్టర్ పెట్టి మామూలు లెక్కన పెట్రోలు చల్లితే జంటలో ఒకదానికి ఎక్కువ, ఇంకోదానికి తక్కువ అందుతుంది. తక్కువ అందినది వేడెక్కి వాల్వు కాలుతుంది. నాలుగింటి పొగా కలిసే చోట ఉన్న ఆక్సిజన్ సెన్సర్ మాత్రం సగటు చూపించి, అంతా బాగుందంటుంది. ఇదే అసలు ప్రమాదం. ఇలాంటి జంట దారులే ఉన్న మినీ ఇంజిన్‌కి 1996లో రోవర్ రెండు ఇంజెక్టర్లు పెట్టింది, నిజమే. కానీ చల్లే సమయాన్ని ఆ దారులకు తగ్గట్టు లెక్కకట్టి పెట్టింది. మీరు మాత్రం ఆ లెక్క జోలికి పోకుండా కార్బొరేటర్ ఉన్న చోటే థ్రాటిల్ బాడీ పెట్టి, అందులోనే ఇంజెక్టర్లు బిగించండి. నా ఓటు దానికే.

3. పాత పంపు ఇచ్చే ప్రెషర్ పావు బార్ చుట్టుపక్కలే. మామూలు ఇంజెక్టర్లకు 3 బార్ కావాలి. పాత రబ్బరు గొట్టాలు ఒక్కటి కూడా ఉంచకండి. ఇంజిన్ ఆగితే పంపు దానంతటదే ఆగాలి. ఇందులో బేరాల్లేవు, మంటతో వ్యవహారం.

4. డైనమో ఉన్న బండైతే ఆల్టర్నేటర్‌కి మార్చండి. ఓల్టేజి పడితే ఇంజెక్టర్ ఆలస్యంగా తెరుచుకుంటుంది. ఎర్త్ ఇంజిన్ బ్లాక్‌కే పట్టండి. రెసిస్టర్ ప్లగ్గులు వాడండి; లేకపోతే ప్లగ్గు వైర్ల రొద క్రాంక్ సెన్సర్ సిగ్నల్‌ని చెడగొడుతుంది.

5. ట్యూనింగ్‌లో గాలి-పెట్రోలు నిష్పత్తి 14.7 అన్న అంకె పట్టుకుని వేలాడకండి. అది ఇథనాల్ కలవని పెట్రోలుకి. ఇప్పుడు బంకుల్లో పోసే ఈ20కి అది దాదాపు 13.5. లాంబ్డా (ఉన్న నిష్పత్తిని ఆ పెట్రోలుకి సరైన నిష్పత్తితో భాగిస్తే వచ్చేది) చూడండి: నిలకడగా వెళ్తున్నప్పుడు 1, ఫుల్ లోడ్‌లో 0.87 దగ్గర. కోల్డ్ స్టార్ట్ సరిచెయ్యడానికి ఓపిక కావాలి. ఒకసారి ఇంజిన్ వేడెక్కిందా, మళ్లీ మర్నాడు పొద్దున్నే.

6. పని అయ్యాక వైరింగ్ బొమ్మ కాగితం మీద గీసి, ఏ రంగు వైరు ఎక్కడికెళ్తుందో రాసి గ్లోవ్ బాక్సులో పెట్టండి. దారిలో బండి ఆగితే చెయ్యేసే మెకానిక్ మీరే అవ్వాలని లేదుగా.