చిన్నవారి అడుగే మన కొలత
(శీతాకాలపు సెలవులలో రెండు రోజుల అల్ అహ్సా యాత్ర)



వేసవి సెలవులు రాగానే మనలో చాలామంది విమానమెక్కి ఆంధ్రప్రదేశ్‌కో, తెలంగాణకో వెళ్తారు. అమ్మమ్మగారి ఇంట, నాయనమ్మగారి ఇంట వారాల తరబడి గడుపుతారు. శీతాకాలపు సెలవులు అటువంటివి కావు. అవి కొద్ది రోజులే. నాన్నగారికి దొరికే సెలవు అంతకంటె తక్కువ. ఒక్కొక్కసారి శుక్ర, శనివారాలు మాత్రమే చేతిలో ఉంటాయి. అయినా సౌదీ అరేబియాలో ఆరుబయట తిరగడానికి ఇంతకంటె మంచి కాలం లేదు. వేసవిలో 45 డిగ్రీలు దాటే ఎండ జనవరిలో 20 డిగ్రీల దగ్గరికి దిగి వస్తుంది. రాత్రివేళ 10 డిగ్రీల కంటె తక్కువకు కూడా పడిపోతుంది. మన ఊళ్లలో ఇవి సంక్రాంతి ముగ్గులు వేసే రోజులు.

ఈ కొద్ది రోజులలో మీ కుటుంబమంతా ఎక్కడికైనా వెళ్లాలనుకున్నది. మీతోపాటు నాలుగేళ్ల తమ్ముడో, మూడేళ్ల చెల్లెలో ఉన్నారు. అప్పుడు ఎంత దూరం వెళ్లాలి? ఎన్ని చూడాలి? వెంట ఏమి తీసుకొని పోవాలి? ఈ పాఠంలో తెలుసుకుందాం.

మొదటి కొలత: దూరం

సౌదీ అరేబియా పటమును ముందు పెట్టుకోండి. వాయవ్య దిక్కున అల్ ఉలా కనిపిస్తుంది. దానికి సమీపంలోని హెగ్రాలో నబతీయులు కొండరాతిని తొలిచి చేసిన సమాధులున్నాయి. సౌదీ అరేబియాలో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో మొదట చేరిన స్థలం అదే. ఆ గౌరవం 2008లో దక్కింది. అది తప్పక చూడదగిన చోటు. కాని రియాద్ నుంచి అక్కడికి రోడ్డు మార్గాన సుమారు 1000 కిలోమీటర్లు. పోవడానికి ఒక పగలు, రావడానికి ఒక పగలు పడుతుంది. రెండు రోజుల సెలవు కారులోనే గడిచిపోతుంది. పెద్దవారు ఓర్చుకుంటారు. నాలుగేళ్ల తమ్ముడు మాత్రం రెండు గంటలకే “ఇంకా ఎంత దూరం?” అని ఏడుపు మొదలుపెడతాడు. అల్ ఉలాను మరింత పెద్ద సెలవు కోసం దాచుకుందాం.

ఇప్పుడు పటంలో తూర్పు వైపు చూడండి. రియాద్‌కు, దమ్మామ్‌కు నడుమ హొఫూఫ్ అనే పట్టణమున్నది. దాని చుట్టూ అల్ అహ్సా ఒయాసిస్సు పరచుకొని ఉన్నది. రియాద్ నుంచి దమ్మామ్‌కు పోయే రైలు హొఫూఫ్‌లో ఆగుతుంది. ఈ రెండు నగరాల మధ్య రైలు మార్గం 1951లోనే ప్రారంభమైంది. రియాద్ నుంచి హొఫూఫ్‌కు సుమారు మూడు గంటల ప్రయాణం. దమ్మామ్‌లో ఉన్నవారికి ఇంకా దగ్గర. రైలులో చిన్నవారు లేచి నడవవచ్చు, కిటికీలోనుంచి ఇసుక మేటలను, ఒంటెలను చూడవచ్చు. ఇంటిల్లిపాది కలిసి పులిహోర తినవచ్చు.

రెండవ కొలత: సమయం

చిన్నపిల్లలకు ఆకలి, నిద్ర వేళకు వస్తాయి. మన పట్టిక కోసం అవి ఆగవు. అందుచేత పట్టికనే వాటికి తగినట్లు వ్రాసుకోవాలి. ఒక మాదిరి పట్టిక చూడండి.

మొదటి రోజు ఉదయం: రైలు ప్రయాణం.
మధ్యాహ్నం: భోజనం, చిన్నవారి నిద్ర.
సాయంత్రం: హొఫూఫ్ పాత బజారు.
రెండవ రోజు ఉదయం: జబల్ అల్ ఖారా గుహలు, ఖర్జూర తోటలు.
మధ్యాహ్నం: భోజనం, తిరుగు ప్రయాణం. రైలులోనే చిన్నవారి నిద్ర.

పూటకు ఒక్క పనే పెట్టుకున్నాం. ఒక పూటకు మూడు చోట్లు పెట్టుకుంటే ఏ చోటునూ సరిగా చూడలేము. నిదానమే ప్రధానమని పెద్దలు అన్నది ఇటువంటి ప్రయాణాలకు కూడా వర్తిస్తుంది. శుక్రవారం ప్రార్థన ముగిసేవరకు దుకాణాలు చాలావరకు మూసి ఉంటాయి. కనుక బజారును సాయంత్రానికి ఉంచడం మంచిది.

అల్ అహ్సాలో ఏమి చూస్తాం?

కోనసీమకు కొబ్బరి చెట్టు ఎటువంటిదో అల్ అహ్సాకు ఖర్జూర చెట్టు అటువంటిది. ఇక్కడ సుమారు 25 లక్షల ఖర్జూర చెట్లున్నాయి. 2018లో యునెస్కో ఈ ఒయాసిస్సును ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ‘ఖలాస్’ అనే ఖర్జూరం ఇక్కడ పేరు పొందినది. అయితే శీతాకాలంలో చెట్లపై పండ్లు కనబడవు. కోత వేసవిలో మొదలై శరదృతువు నాటికి ముగిసిపోతుంది. ఈ సంగతి చెల్లెలికి ముందే చెప్పాలి. లేకపోతే పండు కోసి ఇమ్మని మారాము చేస్తుంది. పండ్లను బజారులో కొనుక్కోవచ్చు.

ఈ ఎడారిలో ఇన్ని చెట్లకు నీరు ఎక్కడిది? పూర్వం భూమిలోని నీరు తనంతట తానే ఊటలై పైకి ఉబికి వచ్చేది. ఒక ఊట పేరు ‘ఉమ్ సబా’. అరబ్బీలో ఆ మాటకు ‘ఏడింటి తల్లి’ అని అర్థం. దాని నీరు ఏడు కాలువలుగా పారేది. 1971లో ఒయాసిస్సు అంతటికీ కాంక్రీటు కాలువల పథకం సిద్ధమైంది. తరువాత బావులు, పంపులు పెరిగాయి. భూగర్భ జలమట్టం తగ్గిపోయింది. ఇప్పుడు ఊటలు పూర్వంలా ఉబకడం లేదు. నీటిని యంత్రాలతో తోడవలసి వస్తున్నది. ఇళ్లలో వాడిన నీటిని శుద్ధి చేసి తోటలకు అందిస్తున్నారు. కాలువ గట్టున నిలిచినపుడు మీ తమ్ముడికి ఒక్క మాట చెప్పండి: “చెట్టుకూ నీరే ప్రాణం, మనకూ నీరే ప్రాణం.” వాడికి అంత చాలు.

జబల్ అల్ ఖారా హొఫూఫ్‌కు తూర్పున ఉన్న కొండ. వానలు, గాలులు ఎంతో కాలం మెత్తని రాతిని కోయగా దానిలో ఎత్తైన, ఇరుకైన సందులు ఏర్పడినాయి. లోపల వేసవిలో చల్లగా, శీతాకాలంలో వెచ్చగా ఉంటుంది. అయితే చిన్నవారికి చీకటి అంటే భయం. వారు వెనుకాడితే బలవంతపెట్టరాదు. టికెట్టు కొన్నాము కదా అని ఏడుస్తున్న పిల్లను లోపలికి లాక్కొనిపోవడం తగదు. ఒకరు బయట తోడు ఉండాలి. మిగిలినవారు చూసి రావాలి. తరువాత వారు మారాలి.

హొఫూఫ్‌లోని పాత బజారును ‘అల్ ఖైసరియా’ అంటారు. 2001లో అది అగ్నిప్రమాదంలో కాలిపోగా పాత పద్ధతిలోనే తిరిగి నిర్మించారు. చేతిపనులకు, జానపద కళలకు గాను 2015లో యునెస్కో అల్ అహ్సాను సృజనాత్మక నగరాల వరుసలో చేర్చింది. బజారులో ‘హసావీ’ బియ్యం కోసం చూడండి. అవి ఎర్రని బియ్యం, ఈ ఒయాసిస్సులోనే పండుతాయి. ఎడారి దేశంలో వరి పండుతుందని విన్నపుడు మీ తాతగారు కూడా ఆశ్చర్యపోతారు! గుప్పెడు గింజలు దాచి, వచ్చే వేసవిలో వారికి చూపండి.

మూడవ కొలత: జాగ్రత్త

1. పగలు వెచ్చగా, రాత్రి చలిగా ఉంటుంది. ఒక్క మందపాటి కోటు కంటె రెండు మూడు పలుచని దుస్తులు మేలు. వేడి అనిపించినపుడు ఒకటి విప్పవచ్చు.
2. చలిలో దాహం తెలియదు. గాలి మాత్రం పొడిగా ఉంటుంది. చిన్నవారికి గంట గంటకు కొంచెం నీరు ఇవ్వాలి.
3. కారులో చిన్నవారిని వారి సీటులోనే కూర్చోబెట్టి బెల్టు పెట్టాలి. ఒడిలో కూర్చోబెట్టుకోరాదు.
4. నాన్నగారి ఫోను నంబరును కాగితంపై వ్రాసి చిన్నవారి జేబులో ఉంచాలి. బజారులో వారి చేయి విడువరాదు.
5. మూసి ఉన్న గదిలో, గుడారంలో బొగ్గుల కుంపటి ఉంచరాదు. దానినుంచి వెలువడే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. నిద్రలోనే ప్రాణం తీస్తుంది.
6. శీతాకాలంలో హఠాత్తుగా వానలు కురుస్తాయి. ఎండిన వాగును ఇక్కడ ‘వాదీ’ అంటారు. మబ్బు పట్టినపుడు వాదీలో కూర్చోవడం, గుడారం వేయడం ప్రమాదం.
7. అంబులెన్సు కోసం 997కు ఫోను చేయాలి. ఈ సంఖ్యను మీరు కంఠస్థం చేయండి.

ముగింపు

అన్నయ్యగా, అక్కయ్యగా ఈ ప్రయాణంలో మీకూ ఒక బాధ్యత ఉన్నది. తమ్ముడు ఒక చీమల బారు దగ్గర పది నిమిషాలు కూర్చుంటే విసుగుకొనకండి. వాడి పక్కన కూర్చోండి. బజారు పోదు, కొండ కదలదు. కొన్ని ఏళ్లకు వాడు హొఫూఫ్ పేరు మరచిపోవచ్చు. తనతోపాటు ఎవరు కూర్చున్నారో మాత్రం మరచిపోడు. చిన్నవారి అడుగును కొలతగా పెట్టుకొంటే నడక నెమ్మదిగానే సాగుతుంది. అయినా రెండు రోజులు నిండుగా గడుస్తాయి, అందరూ నవ్వుతూ ఇల్లు చేరుతారు.

కొత్త మాటలు

ఊట: భూమిలోనుంచి పైకి వచ్చే నీరు
కుంపటి: నిప్పులు ఉంచే పాత్ర
మారాము: పిల్లల మొండిపట్టు
ఇంటిల్లిపాది: ఇంటిలోని వారందరు

అభ్యాసం

1. రెండు రోజుల సెలవుకు అల్ ఉలా కంటె అల్ అహ్సా ఎందుకు అనుకూలం? మూడు వాక్యాలలో వ్రాయండి.
2. అల్ అహ్సా ఊటలు ఇప్పుడు తమంతట తాము ఎందుకు ఉబకడం లేదు?
3. రైలు ఉదయం 9 గంటలకు బయలుదేరి మూడు గంటలు ప్రయాణించింది. దిగిన గంటకు భోజనం ముగిసింది. తమ్ముడు గంటన్నర నిద్రపోయాడు. బజారుకు ఎన్ని గంటలకు బయలుదేరవచ్చు?
4. జిద్దాలో ఉన్న మీ మిత్రుని కుటుంబం తాయిఫ్‌కు వెళ్లనున్నది. తాయిఫ్ సముద్రమట్టానికి 1700 మీటర్లకు పైగా ఎత్తున ఉన్నది. అతని చెల్లెలికి ఎటువంటి దుస్తులు తీసుకొని పోవాలో చెబుతూ లేఖ వ్రాయండి.
5. మీ ఇంటిలో అందరికంటె చిన్నవారు ఎవరు? వారికి తగినట్లు ఒక రోజు ప్రయాణపు పట్టిక తయారుచేసి అమ్మానాన్నలకు చూపండి.