సాధారణ సాపేక్షతకు మొదటి పుస్తకం ఏది?

ప్రశ్న: మాది హుజూర్‌నగర్. బీఎస్సీ ఫిజిక్స్ చదివాను. సాధారణ సాపేక్ష సిద్ధాంతం సొంతంగా నేర్చుకుందామని వాల్డ్ పుస్తకం తెరిస్తే రెండో అధ్యాయంలోనే ఆగిపోయాను. ఏం చేయాలి?

జవాబు: దిగులు పడకండి. 1984లో వచ్చిన ఆ పుస్తకం పరిశోధన వైపు వెళ్లేవారి కోసం రాసింది. మొదట్లోనే బరువైన గణితం ఎదురవుతుంది. మీరు హార్టిల్ ‘గ్రావిటీ’ పట్టుకోండి. బుధగ్రహ కక్ష్య, కాంతి వంగడం, కృష్ణబిలాలు అర్థమయ్యాకే అందులో ఐన్‌స్టీన్ సమీకరణాలు వస్తాయి. నా దృష్టిలో డిగ్రీ విద్యార్థికి అదే సరైన వరుస. టెన్సర్ల దగ్గర తడబడితే షుట్జ్ పుస్తకం చూడండి, ప్రత్యేక సాపేక్షత నుంచి ఓపిగ్గా నడిపిస్తారు. ఆ తర్వాత కారల్ పుస్తకం చదవండి. మిస్నర్, థార్న్, వీలర్ల గ్రంథం 1,200 పేజీలు దాటుతుంది. అవసరమైనప్పుడు తిరగేయండి చాలు. లెక్కలు మాత్రం చేత్తో చేయాల్సిందే.

ప్రత్యేక సాపేక్షత లెక్కలే వారాల తరబడి కదలకపోతే మీ కాలేజీ అధ్యాపకుల దగ్గర కూర్చోండి. పరిశోధన ఆలోచన ఉంటే హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ ఫిజిక్స్ విభాగంలో నేరుగా అడగండి.