చెరువు చెడేది ఒడ్డు దగ్గరే

వానాకాలం వస్తే చెరువు గురించి మనం అడిగే ప్రశ్న ఒక్కటే: ఈసారి నిండిందా, లేదా? మత్తడి దుంకితే ఊరంతా సంబరం. నిండిన నీళ్లు ఎలా ఉన్నాయని అడిగేవాళ్లు మాత్రం తక్కువ. ఆ రెండో ప్రశ్నే ఈ వ్యాసం విషయం. నీళ్లు ఎందుకు పాడవుతాయి, పాడవడం ఎక్కడ మొదలవుతుంది, ఆపే బాధ్యత ఎవరిది? ఈ మూడూ చూసి, చివరికి మన ఉట్నూర్ ఏజెన్సీలో ఏం చేయొచ్చో ఆలోచిద్దాం.

ఒక సరస్సు, రెండు సగాలు

కెనడాలోని అంటారియోలో పరిశోధనల కోసమే కేటాయించిన కొన్ని సరస్సులున్నాయి. వాటిలో 226వ నంబర్ సరస్సు నడుమ సన్నగా ఉంటుంది. 1973లో డేవిడ్ షిండ్లర్ బృందం ఆ సన్నని చోట ఒక తెర కట్టి సరస్సును రెండు సగాలు చేసింది. రెండు వైపులా కార్బన్, నైట్రోజన్ కలిపారు. ఒక వైపు మాత్రం వాటితో పాటు ఫాస్ఫరస్ కూడా కలిపారు. ఫాస్ఫరస్ పడ్డ సగం నాచుతో పచ్చగా మారిపోయింది. రెండో సగం మామూలుగానే ఉంది.

అంటే మంచినీటి సరస్సులో నాచు విపరీతంగా పెరగడానికి తాళంచెవి ఫాస్ఫరస్ దగ్గరుంది. ఆ నాచు చచ్చి అడుగుకు చేరి కుళ్లుతున్నప్పుడు నీళ్లలోని ఆక్సిజన్ అయిపోతుంది. తెల్లారేసరికి చేపలు తేలతాయి. నీళ్లకు వాసన వస్తుంది, పశువులు కూడా ముట్టవు.

డీఏపీ బస్తా లెక్క

మనం ఇంజనీరింగ్ వాళ్లం కాబట్టి ఒక చిన్న లెక్క వేద్దాం. 50 కిలోల డీఏపీ బస్తాలో ఫాస్ఫేటు 46 శాతం, అంటే 23 కిలోలు. అందులో అసలు ఫాస్ఫరస్ సుమారు 10 కిలోలు. ఇప్పుడు 40 ఎకరాల చెరువు, సగటు లోతు 2 మీటర్లు అనుకుందాం. అందులో పట్టే నీళ్లు దాదాపు 32 కోట్ల లీటర్లు. ఆ 10 కిలోలూ కలిస్తే లీటరుకు 30 మైక్రోగ్రాములు వస్తుంది. సరస్సుల శాస్త్రంలో దాదాపు ఈ స్థాయి నుంచే నీళ్లలో పోషకాలు మితిమీరాయని అంటారు.

ఒక్క బస్తా! ఆయకట్టు మీద, ఎగువ చేలల్లో ఏటా ఎన్ని బస్తాలు పడతాయో మీ ఊరి లెక్క మీరే వేసుకోండి. చల్లిందంతా చెరువులోకి రాదు, నిజమే. కానీ కొంచెం వచ్చినా చాలు అన్నదే ఈ లెక్క చెప్పేది.

ఒడ్డు చేసే పని

ఫాస్ఫరస్‌కు ఒక గుణం ఉంది. అది మట్టి రేణువులను, ముఖ్యంగా బంకమట్టిని, పట్టుకుని ఉంటుంది. కాబట్టి ఎక్కువ భాగం మట్టితో పాటే కొట్టుకొస్తుంది. మన దగ్గర గుట్టలు, వాటి కింద నల్లరేగడి, ఆ రేగడిలో పత్తి. వానంతా దాదాపు జూన్ నుంచి సెప్టెంబర్ లోపలే పడుతుంది. పత్తి మొక్క ఇంకా చిన్నగా ఉండి నేల బోసిగా ఉన్నప్పుడే పెద్ద వానలు దిగుతాయి. ఒర్రెలన్నీ ఎర్రగా, నల్లగా పారి చెరువులో కలుస్తాయి.

దీన్ని ఆపగలిగేది ఒడ్డున ఉండే గడ్డి, తుంగ, పొదలు. నీటి వేగం అక్కడ తగ్గుతుంది, మట్టి కిందికి దిగుతుంది, వేర్లు పోషకాలను తీసుకుంటాయి. కానీ నీళ్లు వెనక్కి తగ్గినకొద్దీ శిఖం భూమిని నీటి అంచు దాకా దున్నితే ఆ జల్లెడ పోయినట్టే. పట్నంలో అయితే అదే అంచున ఇళ్లు, మురుగు కాలువలు వస్తాయి. రెండు చోట్లా జబ్బు ఒకటే.

ఎవరి పని?

పాత ఊళ్లలో నీరటి ఉండేవాడు. తూము తీయడం, మూయడం, కట్ట చూడటం ఆయన పని. ఎండాకాలం పూడిక మట్టిని బండ్లతో పొలాలకు తోలుకునేవాళ్లు. చెరువులోకి కొట్టుకొచ్చిన సారం మళ్లీ చేనుకే చేరేది. 2015లో మొదలైన మిషన్ కాకతీయలో కూడా పూడిక తీసి రైతులకు ఇచ్చే పద్ధతి ఉండేది.

ఇప్పుడు సంఘాలకు కొదవలేదు. 1997 చట్టంతో నీటి వినియోగదారుల సంఘాలు వచ్చాయి, వాటి చూపు సాగునీటి మీద. మత్స్య సహకార సంఘాలున్నాయి, వాటి చూపు చేపల మీద. నీళ్ల మంచి చెడ్డలు, ఒడ్డు బాగోగులు చూడటమే మా మొదటి పని అనే సంఘం మాత్రం ఊళ్లలో కనపడదు.

అమెరికాలో సరస్సు చుట్టూ ఉండేవాళ్లు ఇలాంటి సంఘాలు పెట్టుకుంటారు. మెయిన్ రాష్ట్రంలో 1971లో, మిన్నెసోటాలో 1973లో, విస్కాన్సిన్‌లో 1986లో మామూలు జనమే నీటిని కొలిచే కార్యక్రమాలు మొదలయ్యాయి. వాళ్ల ముఖ్య పరికరం సెక్కీ పళ్లెం: నలుపు, తెలుపు పావులు వేసిన 20 సెంటీమీటర్ల బిళ్ల. 1865లో ఆంజెలో సెక్కీ అనే ఇటలీ శాస్త్రవేత్త ఇలాంటి పళ్లేన్ని వాడాడు. తాడు కట్టి దించుతూ, అది కనపడకుండా పోయే లోతు రాసుకోవడమే పని. ఏళ్ల తరబడి రాస్తే సరస్సు బాగుపడుతోందా, చెడిపోతోందా తెలుస్తుంది.

మన రాష్ట్రంలో హైదరాబాద్ దగ్గరి నెక్నాంపూర్ చెరువు ఉంది. మురుగు చేరి పాడైన ఆ చెరువులో ధ్రువాంశ్ అనే స్వచ్ఛంద సంస్థ 2018లో తేలే దీవిని ఏర్పాటు చేసింది. తేలే తెప్ప మీద వట్టివేరు, మెట్టతామర లాంటి మొక్కలు పెంచితే వాటి వేర్లు నీళ్లలోకి దిగి పోషకాలను పీల్చుకుంటాయి. మెచ్చుకోవాల్సిన పని. కానీ ఆలోచించండి, ఒడ్డు పోయాక ఒడ్డు చేసే పనిని తెప్ప మీద చేయించాల్సి వచ్చింది. మన ఊళ్ల చెరువులకు ఒడ్డు ఇంకా మిగిలి ఉంది.

ఉట్నూర్‌లో అధికారం ఉంది

ఉట్నూర్ షెడ్యూల్డ్ ప్రాంతం. 1996 నాటి పెసా చట్టం ఇలాంటి ప్రాంతాల్లో చిన్న నీటి వనరుల ప్రణాళిక, నిర్వహణ పంచాయతీలకు అప్పగించాలని చెబుతుంది. ఊరి ఉమ్మడి వనరులను కాపాడుకునే శక్తి గ్రామసభకు ఉందని గుర్తిస్తుంది. జల్, జంగల్, జమీన్ అన్న కొమురం భీం నేల మీద ఇది చిన్న మాట కాదు. అంటే మనకు కొత్త సంఘం రిజిస్టర్ చేయించాల్సిన అవసరం కూడా లేదు. గ్రామసభే చెరువు సంఘం కావచ్చు.

బాధ్యత పంచుకోవడం కూడా ఇక్కడ కొత్త కాదు. కేస్లాపూర్ నాగోబా జాతరకు మెస్రం వంశీయులు కాలినడకన హస్తినమడుగు దాకా వెళ్లి గోదావరి జలం తెస్తారు. ఎవరు నడవాలి, ఎవరు కుండలు చేయాలి, ఎవరు ఏ పని చూడాలి అన్నీ ముందే తెలుసు. జీతాలు లేవు, తప్పించుకోవడమూ లేదు. ఆ కట్టుబాటులో పదో వంతు ఊరి చెరువుకు దక్కినా చాలు.

మరి లేనిదేంటి? కొలతల పుస్తకం. గ్రామసభలో “నీళ్లు పాడయ్యాయి” అంటే అది అభిప్రాయం. “మూడేళ్లలో పళ్లెం కనపడే లోతు ఇంత తగ్గింది” అంటే అది సాక్ష్యం.

మనం చేయగలిగింది

1. పళ్లెం తయారు చేయండి. రేకు, పెయింటు, తాడు, బరువుకు ఒక రాయి. నెలకోసారి, ఒకే చోట, మిట్టమధ్యాహ్నం ప్రాంతంలో కొలవండి. వానాకాలంలో రేగడి మట్టి వల్లే లోతు తక్కువ వస్తుంది కాబట్టి, నాచు సంగతి తెలియాలంటే నవంబర్ తర్వాతి కొలతలు పోల్చండి.

2. తేటగా ఉన్నంత మాత్రాన తాగే నీళ్లు కావు. హైడ్రోజన్ సల్ఫైడ్ సీసా పరీక్ష చవకైనది. నీళ్లు పోసి ఒకటి రెండు రోజులు ఉంచితే, నల్లబడిందంటే మలం కలిసిందని అనుమానించాలి. వానాకాలం రాగానే గూడేల్లో వాంతులు, విరేచనాలు మొదలవుతాయి కాబట్టి ఏజెన్సీలో ఈ పరీక్ష విలువ ఎక్కువ. బావులకూ చేయండి.

3. ఒర్రెలు ఎక్కడెక్కడ కలుస్తున్నాయో పటం గీయండి. ప్రతి ఒర్రె నోటి దగ్గర గడ్డి ఉందా, దుక్కి ఉందా గుర్తు పెట్టండి.

4. అంచు గురించి రైతుతో మాట్లాడేటప్పుడు చట్టంతో మొదలుపెట్టకండి. భవన నిబంధనల్లో 10 హెక్టార్లు, ఆపై చెరువులకు 30 మీటర్లు, అంతకు తక్కువైతే 9 మీటర్లు వదలాలని ఉంది. అది కట్టడాల సంగతి. శిఖంలో నాలుగు సాళ్లు వేసుకునే కుటుంబానికి ఆ సాళ్లే బతుకు. పశువుల మేతకు పనికొచ్చే గడ్డి అంచున పెంచుదామా, ఎంత వెడల్పు వదలగలరు అని అడగండి. ఎంతన్నది గ్రామసభలో వాళ్లే తేల్చాలి.

ఈ సెలవులకు ఊరెళ్లినప్పుడు మొదటి కొలత రాయండి. తేదీ, టైం, లోతు: ఒక్క లైను చాలు. ఆ పుస్తకం మీ దగ్గర కాకుండా పంచాయతీలో ఉండాలి. మనం ఉద్యోగాలకు వెళ్లిపోతాం, చెరువు ఊళ్లోనే ఉంటుంది.