నగర చిత్రాల్లో స్మారక స్తంభాలు

హైదరాబాద్ బొమ్మ గీయమంటే మనలో చాలామంది ముందుగా చార్మినార్ గీస్తాం. ఎత్తైన కట్టడం దూరానికి కనబడుతుంది, ఊరిని వెంటనే గుర్తు పట్టిస్తుంది. అందుకే నగర దృశ్యాలు గీసిన చిత్రకారులు స్మారక స్తంభాలను ఎంతో ఇష్టపడ్డారు. అయితే ఆ స్తంభాలు ఎప్పుడూ ఒకే కథ చెబుతాయా? రెండు ఉదాహరణలు చూద్దాం.

మొదటిది రోమ్‌లోని ట్రాజన్ స్తంభం. డేసియా యుద్ధాలలో గెలిచిన ట్రాజన్ చక్రవర్తి గౌరవార్థం క్రీ.శ. 113లో దీనిని ప్రతిష్ఠించారు. పీఠంతో కలిపి దీని ఎత్తు సుమారు 35 మీటర్లు. ఆ యుద్ధాల కథ శిల్పాల రూపంలో, తీగ అల్లుకున్నట్లుగా స్తంభాన్ని చుట్టుకుంటూ పైకి సాగుతుంది. శిఖరాన ఉన్న ట్రాజన్ విగ్రహం కాలక్రమంలో కనుమరుగైంది. 1587లో పోప్ ఐదవ సిక్స్‌టస్ అక్కడ సెయింట్ పీటర్ విగ్రహాన్ని నిలిపించాడు. 18వ శతాబ్దపు కళాకారుడు పిరనేసి రాగిరేకులతో అచ్చువేసిన రోమ్ దృశ్యాలలో ఈ స్తంభం కనిపిస్తుంది. కింద చక్రవర్తి సైన్యం, పైన క్రైస్తవ సాధువు! పైనున్న విగ్రహాన్ని బట్టి ఆ చిత్రం 1587 తర్వాతి రోమ్‌ను చూపుతోందని మనం చెప్పగలం.

రెండవది మన దేశంలోనే, కోల్‌కతా మైదానంలో ఉంది. ఈస్టిండియా కంపెనీ సేనాని డేవిడ్ ఆక్టర్లోనీ స్మృతికి 1828లో కట్టిన ఈ స్తంభం ఎత్తు సుమారు 48 మీటర్లు. ఆనాటి కలకత్తా చిత్రాలలో, ఫోటోలలో ఇది కంపెనీ విజయానికి గుర్తు. కానీ 1931లో హిజ్లీ నిర్బంధ శిబిరంలో జరిగిన కాల్పులను ఖండిస్తూ రవీంద్రనాథ్ ఠాగూర్ ఈ స్తంభం దగ్గరి సభలోనే మాట్లాడారు. 1969లో స్వాతంత్ర్య సమర అమరుల పేరిట ఇది ‘షహీద్ మినార్’ అయింది.

రోమ్‌లో విగ్రహం మారింది, కోల్‌కతాలో పేరు మారింది. రెండు చోట్లా స్తంభం మాత్రం నిలిచింది. కట్టించినవారు ఒక అర్థం ఇస్తారు. తర్వాతి తరాలు తమ అర్థాన్ని చేరుస్తాయి. పాత చిత్రం ఆనాటి అర్థాన్ని భద్రపరుస్తుంది. దాన్ని నేటి దృశ్యం పక్కన పెట్టి చూస్తే మధ్యలో జరిగిన చరిత్ర మనకు తెలుస్తుంది.

ఆలోచించండి: మీ ఊరి స్మారక స్తంభం ఎవరి కోసం కట్టారు? ఇప్పుడు అక్కడ ఎవరు, ఎందుకు చేరుతున్నారు? దాని బొమ్మ గీసి, కింద రెండు వాక్యాలు రాయండి.