కృప కింద ఉన్నవాడికి ఆజ్ఞలెందుకు

శ్రీకూర్మం,
ఆదివారం సాయంత్రం

చిరంజీవి అల్లుడికి,

ప్రభువు నామంలో మేనత్త దీవించి రాస్తున్నది. నీ ఉత్తరం అందింది. సగం ఉద్దానం సంబంధం గురించి, సగం విశాఖలో నువ్వెళ్తున్న ప్రార్థన కూటంలో విన్న మాటల గురించి రాశావు. అవి రెండూ వేరువేరు సంగతులని నువ్వనుకున్నట్టుంది. చదువుతుంటే నాకు రెండూ ఒకటే సంగతిగా కనిపించాయి. అందుకే ఫోన్లో తేల్చేయకుండా తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను.

మనం ధర్మశాస్త్రం కింద లేము, కృప కింద ఉన్నాము, కాబట్టి పది ఆజ్ఞలు యూదుల సొత్తు, మనకు వాటితో పనిలేదు అన్నారని రాశావు. ఇందులో మొదటి సగం పౌలుదే, రోమా పత్రిక ఆరో అధ్యాయంలో ఉంది. కానీ అక్కడే పుస్తకం మూసేస్తే ఎలా నాన్నా? ఆ వెంటనే, అయితే పాపం చేద్దామా అని తనే అడిగి, కానేకాదని తనే జవాబు చెప్పాడు. అంతకుముందు మూడో అధ్యాయం చివర, విశ్వాసం ధర్మశాస్త్రాన్ని కొట్టేయదు, నిలబెడుతుంది అన్నాడు. పదమూడో అధ్యాయానికి వచ్చేసరికి, పొరుగువాణ్ణి ప్రేమించడమంటే ఏమిటో చెప్పడానికి వ్యభిచారం, హత్య, దొంగతనం, ఆశ అని మళ్ళీ ఆ ఆజ్ఞలనే వరసగా చెప్పాడు. కృప గురించి అతనికంటే గట్టిగా రాసినవాళ్ళు లేరు. అయినా ఆజ్ఞలు అతనికి అడ్డం రాలేదు.

నిర్గమకాండం తీసి వరస చూడు. పన్నెండో అధ్యాయంలో పస్కా గొర్రెపిల్ల. పద్నాలుగులో సముద్రం దాటడం. పదహారులో మన్నా. ఆజ్ఞలు ఎక్కడున్నాయి? ఇరవైలో. ఇవి పాటిస్తే మిమ్మల్ని ఐగుప్తు నుంచి తెస్తానని దేవుడు అనలేదు. తెచ్చాడు, తిండి పెట్టాడు, ఆ తర్వాత కొండ దగ్గర నిలబెట్టి మాట్లాడాడు. ఆ పది మాటలకు ముందు తనెవరో చెప్పుకున్నప్పుడు కూడా, మిమ్మల్ని దాస్యం నుంచి విడిపించినవాణ్ణి అనే చెప్పుకున్నాడు. ఈ వరస తారుమారైన చోటల్లా విశ్వాసం చెడిపోయింది. ఆజ్ఞలు ముందు, విడుదల తర్వాత అన్నవాళ్ళు భయంతో బతికారు. విడుదలతో కథ అయిపోయిందన్నవాళ్ళు ఇష్టం వచ్చినట్టు బతికారు.

పురుషోత్తమ చౌదరిగారి సంగతి నీ చిన్నప్పుడు సండే స్కూల్లో చెప్పాను, గుర్తుందో లేదో. మనం ఆరాధనలో పాడే పాటల్లో ఎన్నో ఆయనవి. 1803లో పర్లాకిమిడి దగ్గర మదనపురంలో, వంగదేశపు బ్రాహ్మణ కుటుంబంలో పుట్టారు. తండ్రి పేరు కూర్మనాథ చౌదరి. మన ఊరి గుళ్ళో స్వామి పేరే ఆ ఇంటి పెద్దకు ఉంది. నియమాలు, నిష్ఠలు ఎరిగిన ఇంటి నుంచి వచ్చి 1833లో బాప్తిస్మం తీసుకున్నారు. ఆ తర్వాత యాభై ఏళ్ళకు పైగా ఆయన పాడిందీ ప్రకటించిందీ ఒకటే, మనిషి తన పుణ్యంతో దేవుడి దగ్గరికి చేరలేడని. అంతగా కృపను పాడిన ఆయన పాటల్లో పాపాన్ని చూసి పడే బాధ ఎంత ఉంటుందో ఈసారి గమనించి పాడు. ఆజ్ఞ అక్కర్లేదనుకున్న మనిషికి ఆ బాధ పుట్టదు. అద్దం లేని ఇంట్లో ముఖాన మసి ఎవరికీ కనపడదు గదా!

మరి మోషే రాసినవన్నీ పాటించాలా, పంది మాంసం సంగతేమిటి, సున్నతి సంగతేమిటి అని నీ స్నేహితులు అడుగుతారు. అడగనీ. బలులు, తిండి నియమాలు, పండుగలు క్రీస్తును చూపించే నీడలు. ఆయన వచ్చాక వాటి పని అయిపోయిందని హెబ్రీ పత్రిక చెబుతుంది. అన్యజనులకు సున్నతి అక్కర్లేదని అపొస్తలుల కార్యాలు పదిహేనులో యెరూషలేము పెద్దలు కూర్చుని తేల్చారు. ఇశ్రాయేలు రాజ్యానికి ఇచ్చిన చట్టాలు ఆ రాజ్యంతో ముగిశాయి. చంపవద్దు, అబద్ధసాక్ష్యం చెప్పవద్దు అన్నవి ఆ కోవలోవి కావు. సీనాయి కొండకు ఎన్నో తరాల ముందే కయీను చేసింది పాపమే. పోతీఫరు ఇంట్లో యోసేపు చేతిలో ఏ రాతిపలకా లేదు, అయినా అది దేవునికి విరోధమైన పాపమని తెలిసి పారిపోయాడు. 1689లో లండన్లో మన బాప్టిస్టు పెద్దలు ప్రకటించిన విశ్వాస ప్రమాణంలో పంతొమ్మిదో అధ్యాయం అంతా ఈ విషయం మీదే. కెనడా బాప్టిస్టు మిషనరీలు శ్రీకాకుళం, బొబ్బిలి, విజయనగరాల్లో సంఘాలు కట్టడానికి ఎంతో ముందే ఈ తగువు వచ్చింది, తీరింది కూడా. లూథర్‌కైతే సొంత స్నేహితుడితోనే వచ్చింది. ధర్మశాస్త్రానికి ప్రసంగ పీఠం మీద చోటు లేదని అగ్రికోలా వాదిస్తే, 1537 నుంచి లూథర్ బహిరంగంగా ఖండిస్తూ వచ్చాడు. విశ్వాసంవల్లనే రక్షణ అని లోకాన్ని కదిలించిన మనిషి ఆయన. పిల్లల కోసం 1529లో రాసిన చిన్న ప్రశ్నోత్తరిని పది ఆజ్ఞలతోనే మొదలుపెట్టాడు.

ఇంకో మాట. మనం ఉండేది క్షేత్రంలో. మన వీధి చివర కోనేరు, ఆ పక్కన గుడి, గుళ్ళో నక్షత్ర తాబేళ్ళు, డోలోత్సవం వస్తే ఊరినిండా జనం. విగ్రహాల గురించిన ఆజ్ఞను పట్టుకుని పొరుగువాళ్ళ గుడిని ఎగతాళి చేయడమే సాక్ష్యం అనుకునేవాళ్ళు మనలో ఉన్నారు. నాకది ఎంతమాత్రం నచ్చదు. ఆ ఆజ్ఞ నా గుండెను కాయడానికి నాకిచ్చింది. నేను డబ్బుకు మొక్కుతున్నానా, పేరుకు మొక్కుతున్నానా అని నన్నడుగుతుంది. ఎఫెసులో అంత అల్లరి జరిగినప్పుడు, వీళ్ళు మన గుడిని దోచలేదు, మన దేవతను దూషించలేదని పౌలు తోటివాళ్ళ గురించి ఆ పట్టణపు కరణమే అందరి ముందూ చెప్పాడు. కార్యాలు పంతొమ్మిదిలో ఉంది, చదువు. మన గురించి శ్రీకూర్మంలో అలాంటి మాట రావాలని నా ప్రార్థన. పొరుగువాళ్ళ మీద పుకారు నమ్మి పదిమందికి పంపడం కూడా అబద్ధసాక్ష్యమే. ధర్మశాస్త్రం ఎరగనివాళ్ళ హృదయాల్లో కూడా దాని సారం రాసి ఉందని రోమా రెండో అధ్యాయం అంటుంది. అది నిజమని రుజువు చేసే మనుషులు, బైబిలు ఎన్నడూ తెరవనివాళ్ళు, నాకు ఈ వీధిలోనే తెలుసు. తూకంలో తేడా చేయరు, దొరికిన సొమ్ము అడక్కుండా తిరిగిస్తారు. వాళ్ళ ముందు మనం ఆజ్ఞలు అక్కర్లేని జనంగా నిలబడితే క్రీస్తు పేరు ఏమవుతుంది?

ఇక నీ పెళ్ళి సంగతి. మేం అడగలేదు అత్తా, వాళ్ళే ఇస్తామంటున్నారు అని రాశావు. విశాఖలో స్థలం, పిల్లకు బంగారం, నీకు కారు. ఆ స్థలం ఎక్కడి నుంచి వస్తుందో అడిగావా? నేను కనుక్కున్నాను. జీడితోట తాకట్టు పెడుతున్నారు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను ఉద్దానాన్ని ఏం చేసిందో నువ్వూ చూశావు. కొబ్బరి, జీడి వేళ్ళతో సహా పడిపోయాయి. మళ్ళీ మొక్క నాటి, ఇన్నేళ్ళు సాకి, ఇప్పుడిప్పుడే పంట కళ్ళచూస్తున్న తోట అది. వాళ్ళే ఇస్తామంటున్నారు అన్న మాటలో ఎంత ఇష్టముందో, ఆడపిల్ల తండ్రి భయం ఎంతుందో నీకు తెలియనిది కాదు.

పదో ఆజ్ఞ చదువు. పొరుగువాని ఇంటితో మొదలై, ఎద్దు, గాడిద దాకా పోతుంది. మిగతా ఆజ్ఞలు చేతిని, నోటిని ఆపుతాయి. ఇది మనసు లోపలికి వచ్చి కూర్చుంటుంది. పౌలుకు తన పాపం తెలిసింది ఈ ఆజ్ఞతోనే అని రోమా ఏడులో చెప్పుకున్నాడు. అడగలేదన్న మాట చేతికి సరిపోవచ్చు. ఆశపడలేదని చెప్పగలవా? 1961 నుంచి వరకట్నం నేరమని చట్టం ఉంది. మన సంఘాల్లో బైబిలు మీద ప్రమాణం చేసి జరిగే పెళ్ళిళ్ళ వెనక కూడా కట్నం చేతులు మారుతూనే ఉంది. దాని పేరు దీవెన అని, కానుక అని మారుస్తున్నారు. పాదిరిగార్లలో అడిగేవాళ్ళు తక్కువ. సంఘానికి ఇంతకంటే సిగ్గుచేటు నాకింకొకటి కనపడదు.

అయినా నిన్ను భయపెట్టి వద్దనిపించాలని నా ఉద్దేశం కాదు. చట్టానికి భయపడి వదిలేస్తే అది నీకు బరువుగానే ఉండిపోతుంది, పదేళ్ళ తర్వాత కూడా ఆ పిల్లకు ఆ మాట దెప్పుతావు. జక్కయ్య సంగతి తలుచుకో. సగం ఆస్తి బీదలకివ్వమని యేసు అతనికి చెప్పలేదు. ముందు అతని ఇంటికి వచ్చాడు, అందరూ సణుగుతున్నా లోపలికి వచ్చాడు. ఆ సంతోషంలో జక్కయ్య తనంతట తానే లేచి నిలబడి, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు తిరిగిస్తానన్నాడు. ధర్మశాస్త్రాన్ని హృదయాల మీద రాస్తానని యిర్మీయా చేత దేవుడు చెప్పించింది ఇలాంటి పనినే. అది నీ పట్టుదలతో అయ్యేది కాదు, అడుగు, పరిశుద్ధాత్మ ఇస్తాడు. ఆశ మళ్ళీ తలెత్తితే సిలువ దగ్గరికే వెళ్ళు, అక్కడి క్షమాపణ అయిపోదు. ఆ క్షమాపణ అందుకున్నవాడివి కాబట్టే ఒక తండ్రి తోటను అతనికి వదిలేయగలవు.

మధ్యవర్తికి నువ్వే ఫోను చేసి చెప్పు, పెద్దల మీదకు నెట్టకు. తోట తాకట్టు పెట్టవద్దనీ, స్థలం, కారు ఏవీ వద్దనీ తేటగా చెప్పు. ఆ పిల్లతో కూడా ఒకసారి మాట్లాడు, ఆమె చదువు, ఉద్యోగం గురించి అడుగు. మీ అమ్మ మీ చెల్లి పెళ్ళికి మనమిచ్చింది ఎత్తుతుంది. ఆ బాధ నిజమైనదే, ఎదురు చెప్పకుండా విను. మీ నాన్న నా తమ్ముడే గదా, వాడితో నేను మాట్లాడతాను. పెళ్ళి మన చర్చిలోనే చేద్దాం, భోజనాల ఖర్చు రెండు ఇళ్ళూ పంచుకోవచ్చు. పోస్టాఫీసులో నేను దాచుకున్నది కొంత ఉంది, అది నీ పెళ్ళికే. ఈ నెలాఖరుకు సెలవు దొరికితే రా. వచ్చేటప్పుడు నా కళ్ళజోడు కొత్తది తీసుకురా, చీటీ ఇందులో పెడుతున్నాను.

నీ మేలు కోరే
అత్త