సెర్చ్ ఇంజన్‌కు కనిపించకుండా ఉండటం ఎలా?

మీరొక బ్లాగు ప్రారంభించారనుకోండి. మీ కథలు, ఇంట్లో జరిగిన పెళ్ళి ఫోటోలు అందులో ఉంచారు. దాని చిరునామా నలుగురు స్నేహితులకే చెప్పారు. అయినా కొన్నాళ్ళకు, సెర్చ్ ఇంజన్‌లో మీ పేరు టైపు చేసిన వారెవరికైనా ఆ బ్లాగు కనిపించవచ్చు! దాని సంగతి సెర్చ్ ఇంజన్‌కు ఎవరు చెప్పారు? కనిపించకుండా చేయటానికి మార్గముందా?

సెర్చ్ ఇంజన్ ఎలా వెదుకుతుంది?

మీరు ప్రశ్న అడిగిన తరువాత సెర్చ్ ఇంజన్ ప్రపంచంలోని వెబ్‌సైట్లన్నీ తిరిగి రాదు. ఆ పని ముందే చేసి పెట్టుకుంటుంది. ఇందుకు 'క్రాలర్' అనే ప్రోగ్రాం ఉంది. దీన్ని రోబో అని కూడా అంటారు. కాళ్ళూ చేతులూ ఉన్న రోబో కాదు సుమా! ఇది ఒక పేజీని చదివి, అందులోని లింకులు పట్టుకుని మరో పేజీకి పోతుంది. ఏ మాట ఏ పేజీలో ఉందో సూచికలో చేరుస్తుంది. పెద్ద గ్రంథాల చివర ఉండే పదసూచిక లాంటిదే ఇదీను. మీ స్నేహితుడు తన బ్లాగులో మీ పేజీకి ఒక్క లింకు ఇస్తే చాలు, క్రాలర్‌కు దారి దొరికినట్లే.

మొదటి పద్ధతి: గుమ్మం మీద నోటీసు

1994 నాటికి వెబ్ ఇంకా పసితనంలో ఉంది. కొన్ని క్రాలర్లు వెంటవెంటనే పేజీలు అడుగుతూ సర్వర్లను ఉక్కిరిబిక్కిరి చేసేవి. అప్పుడు మార్టైన్ కోస్టర్ అనే డచ్ ఇంజనీరు ఒక ఉపాయం సూచించాడు. వెబ్‌సైట్‌లో 'రోబోట్స్ డాట్ టీఎక్స్‌టీ' అనే చిన్న ఫైలు ఉంచాలి. వచ్చిన క్రాలర్ ముందుగా దాన్ని చదవాలి. ఫలానా పేజీల జోలికి పోవద్దని అందులో ఉంటే పోకూడదు. 2022లో ఈ ఒప్పందం ఆర్ఎఫ్‌సీ 9309 అనే ఇంటర్నెట్ ప్రమాణ పత్రంగా వెలువడింది.

కాని నోటీసు నోటీసే, తలుపు కాదు. మర్యాద తెలిసిన క్రాలర్ దాన్ని పాటిస్తుంది, తెలియనిది పాటించదు. లోపలికి రానివ్వాలా వద్దా అని తేల్చే సాధనం ఇది కాదని ఆ పత్రమే చెబుతోంది. పైగా ఈ ఫైలును ఎవరైనా చదవవచ్చు. రహస్య పేజీల పేర్లు అందులో రాస్తే దొంగకు దారి చూపినట్లే!

రెండో పద్ధతి: సూచికలో చేర్చవద్దు

పేజీ కోడ్‌లో 'నోఇండెక్స్' అనే ఆదేశం రాయవచ్చు. అప్పుడు క్రాలర్ పేజీని చదువుతుంది కాని సూచికలో చేర్చదు.

రెండు పద్ధతులూ కలిపి వాడితే మరింత మంచిది కదా అంటారా? కాస్త ఆలోచించండి. నోటీసు చూసి క్రాలర్ గుమ్మం దగ్గరే ఆగిపోతుంది. ఇక లోపల ఉన్న 'నోఇండెక్స్' దాని కంట ఎలా పడుతుంది? వేరే సైట్‌లో మీ పేజీకి లింకు కనిపిస్తే, లోపల ఏముందో తెలియకపోయినా, చిరునామాను మాత్రం ఫలితాల్లో చూపవచ్చు. కనుక 'నోఇండెక్స్' పనిచేయాలంటే క్రాలర్‌ను ఆ పేజీలోకి రానివ్వాలి.

ఇదీ విన్నపమే. వర్డ్‌ప్రెస్‌లో సెర్చ్ ఇంజన్లను వద్దనే గడి ఒకటి ఉంది. ఈ విన్నపాన్ని మన్నించటం సెర్చ్ ఇంజన్ల ఇష్టమని దాని కిందనే రాసి ఉంటుంది.

మూడో పద్ధతి: తాళం

నిజమైన తాళం పాస్‌వర్డ్. అది చెప్పనిదే సర్వర్ పేజీని పంపదు, అడిగేది క్రాలర్ అయినా సరే, మనిషి అయినా సరే. సూచికలో లేని పేజీని కూడా చిరునామా తెలిసినవారు తెరవగలరు. తాళం వేసిన పేజీని తెరవలేరు.

కనుక బ్లాగులో ఏదైనా ఉంచే ముందు ఒక ప్రశ్న వేసుకోండి: "ముక్కూ మొహం తెలియనివారు దీన్ని చూసినా ఫరవాలేదా?" ఫరవాలేదంటే 'నోఇండెక్స్' చాలు. కూడదంటే పాస్‌వర్డ్ పెట్టాలి. ఇంటి చిరునామా, ఫోన్ నంబరు వంటివి అసలు పెట్టకపోవటమే మేలు. తాళంచెవి ఉన్న స్నేహితుడైనా వాటిని నకలు తీసి ఇంకొకరికి పంపవచ్చు కదా!

చేసి చూడండి: మీకు తెలిసిన ఏదైనా వెబ్‌సైట్ చిరునామా చివర ఏటవాలు గీత పెట్టి, 'రోబోట్స్ డాట్ టీఎక్స్‌టీ' అని ఇంగ్లీషు అక్షరాల్లో టైపు చేయండి. చాలా సైట్లలో ఆ నోటీసు కనిపిస్తుంది. అందులో 'డిస్అలౌ' అన్న వరుసలను గమనించండి. క్రాలర్లను పోవద్దన్న చోట్లు అవే.